కామా కోడలిది

రోజూ పొద్దున్నే మా ఆడపడుచూ నేనూ కలిసి ఫిల్మ్ నగర్లో మా సందు మొదటినుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే రోడ్డు వెంట నడకకు వెళతాం. నడక అనే మాట మా మోకాళ్ళకు కాస్త పెద్దదే గానీ, డాక్టరు గారు చెప్పిన మాట అదే కాబట్టి మేమూ అలాగే అంటాం. నిన్న ఆ ఎత్తు మీద మలుపు దగ్గర కొత్త సినిమా హోర్డింగు ఒకటి కనిపించింది. హీరో మొహం మా ఇంటి ముందుగదంత ఉంది. ఆ మొహానికి పైన దర్శకుడి పేరు ఇంగ్లీషులో, పేరు చివర ఎస్ అక్షరం, ఎస్ పక్కన పైన వేలాడుతూ ఒక కామా, అపాస్ట్రఫీ అంటారే అది, ఆ కామా పక్కన మళ్ళీ ఇంకో ఎస్, అంటే ఇది ఫలానా ఆయన గారి సినిమా అని చెప్పడమన్నమాట. రెండో ఎస్ ఉన్నందుకు సంతోషించబోయేంతలో ఆ కామా మీద నా చూపు పడింది. తల పైన ఉండి, తోక కిందికి ఎడమవైపు వాలవలసిన కామా కాస్తా శీర్షాసనం వేసి, తల కిందా తోక పైనా పెట్టుకుని ఉంది. నేను అక్కడే ఆగిపోయాను.

మా ఆడపడుచు ముందు నాకు ఆయాసం వచ్చిందనుకుని కంగారుపడింది, తరవాత హీరోని చూస్తున్నాననుకుని నవ్వింది, ఆఖరికి నా చూపు హీరో నుదురు దాటి పైకి పోయిందని గ్రహించి, "నీకీ జబ్బు ఇంకా పోలేదా వదినా" అంది. పోలేదు, ఇక పోదు కూడా. అది వాళ్ళ నాన్నగారు, అంటే మా మామగారు, నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాకు అంటించిన జబ్బు, ఇన్నేళ్ళుగా నేను అపురూపంగా దాచుకున్న జబ్బు. నిన్న ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ కూర్చున్నా ఆ తలకిందుల కామా కళ్ళముందునుంచి కదలలేదు. అందుకే ఇదంతా రాయడానికి కూర్చున్నాను.

గోడ మీది వాల్ పోస్టరు చూడడానికి సైకిలు దిగి నిలబడిన తరం మనది కాబట్టి మీకు పెద్దగా వివరించనక్కర లేదు. సినిమా పేరు పెద్ద అక్షరాల్లో మధ్యలో ఉండేది, దానికి పైన సన్నగా, పొందికగా ఒక వరస ఉండేది, ఫలానా పిక్చర్స్ వారి అనో, ఫలానా గారి అనో. మన కళ్ళు హీరో మీదనుంచి హీరోయిన్ మీదికి, అక్కణ్ణుంచి సినిమా పేరు మీదికి పోయేవే గానీ ఆ వరస మీద ఎన్నడూ ఆగలేదు. మా మామగారి కళ్ళు మాత్రం అక్కణ్ణుంచే మొదలయ్యేవి. ఆయన దాన్ని పై వరస అనేవారు. సినిమా పేరు జనానిది, హీరో అభిమానులవాడు, పాటలు రేడియోవి, ఇంత కష్టపడి సినిమా తీసినవాడికి మిగిలేది ఆ పై వరస ఒక్కటే కాబట్టి దాన్ని తక్కువ చెయ్యకూడదని ఆయన సిద్ధాంతం. తెలుగులో వారి అన్నా, గారి అన్నా ఆ మాటలోనే నమస్కారం ఉంది, ఇంగ్లీషువాడు ఆ గౌరవమంతా తీసుకుపోయి ఈగంత కామాలో ఇరికించాడు, కనక ఆ కామాని ఒళ్ళు దగ్గర పెట్టుకుని వెయ్యాలి అని చెబుతూ ఉండేవారు.

ఆయన పోస్టర్ల మీద అక్షరాలు రాసే ఆర్టిస్టు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దాసు, మద్రాసు వెళ్ళి సినిమా పోస్టర్లు రాయడం మొదలుపెట్టాక దాస్. ఇది ఆయన ఒక్కరి కథే కాదు. మన పేర్లు పుట్టుకతో అచ్చుతో ముగిసేవే, శ్రీనివాసు, దాసు అని ఇంటివాళ్ళు నోరారా పిలుచుకున్న పేర్లే, సినిమాల్లోకి రాగానే చివరి కొమ్ము ఊడగొట్టుకుని పొల్లు తగిలించుకునేవి. సినిమా అవకాశాల కోసం వచ్చినవాళ్ళుండే కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఇప్పటికీ అలా కొమ్ములు ఊడుతూనే ఉంటాయి. ఆ పొల్లు తెచ్చిపెట్టిన చిక్కే మా ఇంట్లో ఇంత కథ అయింది.

పరిశ్రమ హైదరాబాదు తరలి వస్తున్న రోజుల్లో మామగారు కూడా బ్రష్షులన్నీ ఒక ట్రంకు పెట్టెలో సర్దుకుని, అత్తగారినీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి ఫిల్మ్ నగర్లో దిగారు. అప్పటికి ఇక్కడ ఇళ్ళకన్నా బండరాళ్ళు ఎక్కువ. ఇంటి ముందుగదే ఆయన పనిగది. ఉత్తరం వైపు కిటికీ కింద వాలుబల్ల, బల్ల పక్కన రంగుల సీసాలు, గోడకి ఎప్పుడో ఒకప్పుడు రాసి ఆరబెట్టిన పేర్లు. నేను తెనాలిలో ఇంగ్లీషు సాహిత్యం పాఠ్యాంశంగా బి.ఏ. చదివి, ఆ చదువు పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని మా అమ్మ తేల్చేశాక, పెద్దకొడుకు భార్యగా ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మావారు డబ్బింగ్ థియేటర్లో సౌండు ఇంజనీరు, ఆయనకు వినడమే గాని చూడడం పట్టేది కాదు, అందుకని తండ్రి విద్య ఆయనకి అబ్బలేదు.

కాపురానికి వచ్చిన మూడో రోజో నాలుగో రోజో మామగారు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, ఎంతో మొహమాటపడుతూ, "అమ్మాయ్, ఒక ధర్మసందేహం, నువ్వు ఇంగ్లీషు చదివావు కదా" అన్నారు. పేరు చివర ఎస్ ఉన్న నిర్మాత గారి పోస్టరు బల్ల మీద ఉంది. ఇన్నాళ్ళూ అలాంటి పేర్లకి ఆయన కామా ఒక్కటే పెట్టి వదిలేస్తూ వచ్చారట, ఈసారి ఎవరో ఇంకో ఎస్ కూడా ఉండాలన్నారట. మా కాలేజీ లెక్చరర్ గారు చెప్పినది నాకు గుర్తున్నంత వరకూ చెప్పాను. ఒక్క మనిషి పేరైతే చివర ఎస్ ఉన్నా సరే కామా పెట్టి ఇంకో ఎస్ రాయమన్నారని, పిక్చర్స్ లాగ బహువచనమైతే కామా ఒక్కటి చాలన్నారని, ఒక్క మనిషి పేరుకి కూడా కామా ఒక్కటే పెట్టే పెద్దవాళ్ళు ఉన్నారని, ఏ పద్ధతి పట్టుకున్నా మధ్యలో వదలకూడదని. ఆయన ఆ పేరుని నాలుగైదు రకాలుగా నోట్లో తిప్పుకుని, ఫలానా శ్రీనివాస్ గారిది అని ఇంగ్లీషులో పలికేటప్పుడు చివర ఇంకో ఎస్ చప్పుడు నోటికి వస్తోంది కాబట్టి, నోరు పలికింది చెయ్యి మింగెయ్యకూడదని తీర్పు చెప్పేశారు. ఆ రోజునుంచీ మా పనిగదికి అదే చట్టం.

అంతటితో అయిపోతే నేను మళ్ళీ పోపు దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఆయన వరసంతా రాసి, కామా ఉండవలసిన చోటు ఖాళీగా వదిలి, బ్రష్షు నా చేతిలో పెట్టి, నువ్వు చెప్పిన కామా నువ్వే వెయ్యమన్నారు. నాకు చెమటలు పట్టాయి. ఆవగింజకి తోక మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండాలమ్మా, తల నిండుగా దించి, తోకని ఊపిరి బిగబట్టకుండా వదిలెయ్యాలి అని చెప్పారు. పాత కాగితాల మీద చాలాసేపు ఆవాలు పోసి, ఆఖరికి అసలు పోస్టరు మీద ఒక్క కామా వేశాను. అది అచ్చయి గోడల మీదికి వచ్చాక మావారు నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని జూబ్లీహిల్స్ చెక్ పోస్ట్ దాకా తీసుకుపోయి చూపించారు. పోస్టరులో అంతమంది నటీనటులుండగా నేను చూసుకున్నది నా కామానే.

అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయింది. మామగారు ఎంత తొందర పనిలో ఉన్నా పై వరసలో ఆ ఒక్క చోటు నాకోసం వదిలేవారు. ఎవరైనా ఆఫీసువాళ్ళు పోస్టరు తీసుకుపోవడానికి వచ్చి, అంతా అయింది కదండీ ఇంకా దేనికి ఆగారని అడిగితే, కామా కోడలిదండీ, పప్పు దింపి వస్తుంది, కూర్చోండి అనేవారు. ఆ మాట ఇంట్లో సామెతలా స్థిరపడిపోయింది. ఏ పనైనా కొసకి వచ్చి ఆగితే, పులుసులో ఉప్పు చూడడం కావచ్చు, మా ఆడపడుచు పెళ్ళి శుభలేఖలో ఆఖరి వాక్యం కావచ్చు, కామా కోడలిది అని అందరూ నన్ను ఆటపట్టించేవారు. నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది, పైకి విసుక్కునేదాన్ని.

కామా తరవాత ఎస్ నేర్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్ చేతికి లొంగితే మిగతావన్నీ లొంగినట్టే అని ఆయన నమ్మకం. పై పొట్ట చిన్నదిగా, కింది పొట్ట కొద్దిగా పెద్దదిగా ఉండాలి, అది కంటికి తెలియకూడదు, కాగితాన్ని తిరగేసి పట్టుకుంటే మాత్రం తెలియాలి. నా మొదటి ఎస్సులన్నీ విందు భోజనం చేసి వచ్చినవాళ్ళలా ఉండేవి. ఆయన నవ్వేవారే గానీ ఎన్నడూ కసరలేదు. ఎస్ తరవాత మిగతా అక్షరాలు, ఇంగ్లీషు అయ్యాక తెలుగు. తెలుగు తలకట్టు ఎక్కడ తేలికపడాలో, కొమ్ము ఎక్కడ బరువెక్కాలో చెబుతూ ఆయన నా చెయ్యి పట్టుకోకుండా పక్కన కూర్చుని గాలిలో వేలితో రాసి చూపేవారు. కొన్నేళ్ళకి పై వరస పూర్తిగా నాదైంది, మరికొన్నాళ్ళకి సినిమా పేరు కూడా నా చేతికి వచ్చింది.

ఇక్కడ రామాయణంలో పిడకల వేటలా ఒక ముచ్చట చెప్పక తప్పదు. లెక్చరర్ గారి వ్యాకరణమూ మామగారి చెవీ ఒక దారి అయితే, సినిమావాళ్ళ సంఖ్యాశాస్త్రం ఇంకో దారి. పేరులో అక్షరాలకి అంకెలు కట్టి కూడి, మొత్తం కలిసి రాకపోతే ఒక అక్షరం తగిలించేవాళ్ళూ, ఒకటి పీకేవాళ్ళూ అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కామా తరవాత వచ్చే ఎస్ నిర్మాత పేరులో భాగమా కాదా అన్న ప్రశ్న వచ్చిందంటే ఆ పూట పని సాగేది కాదు. ఎస్ కలిస్తే మొత్తం పాడవుతుందని ఒకాయనా, కలవకపోతేనే పాడవుతుందని ఇంకొకాయనా మా అరుగు మీద కూర్చుని కాఫీల మీద కాఫీలు తాగి వాదించుకునేవారు. కామాకి మాత్రం ఏ శాస్త్రంలోనూ అంకె లేకపోవడంతో దాని జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. లోకంలో ఎవరికీ అడ్డురాని వస్తువు నీ కామా ఒక్కటేనమ్మా అని మామగారు ముచ్చటపడేవారు.

ఆయన చేతికి వణుకు ఎప్పుడు మొదలైందో నాకన్నా ముందు అత్తగారికి తెలిసింది. ఆవిడ ఎవరితోనూ ఏమీ అనకుండా ఆయన కాఫీ గ్లాసు సగానికే పోయడం మొదలుపెట్టారు. సగం గ్లాసు అయితే ఒలకదు. ఆ తరవాత నేను చూశాను, సన్నగీత లాగేటప్పుడు ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుంటున్నారు. డాక్టర్లు మందులిచ్చారు, అవి వణుకుని ఆపలేదు గాని కాస్త నెమ్మదించేలా చేశాయి. క్రమంగా బల్ల మీద పనంతా నాది, పక్కన కుర్చీలో కూర్చుని చూసే కళ్ళు ఆయనవి అయ్యాయి. కింది మూల దాస్ అనే సంతకం మాత్రం ఆయనే పెట్టేవారు. వణుకుతూ పెట్టిన ఆ సంతకంలో అలలు పడేవి. అదేదో కొత్త శైలి అనుకుని ఒకరిద్దరు కుర్ర ఆర్టిస్టులు తమ సంతకాలకి కూడా అలలు పెట్టుకున్నారని తెలిసి ఆయన చాలాసేపు నవ్వారు.

బయటివాళ్ళకి మాత్రం ఈ సంగతి తెలియదు, తెలియనివ్వలేదు. మన పరిశ్రమ శకునాల మీద బతుకుతుంది. పిల్లి ఎదురైతే షూటింగు ఆగిన రోజులున్నాయి, ఇక చెయ్యి వణికే ఆర్టిస్టుతో సినిమా పేరు రాయిస్తారా? ఒక్కసారి ఆ మాట బయటికి పొక్కితే, మద్రాసునుంచి ఇక్కడిదాకా ఆయన కట్టుకున్న పేరు ఒక్క పూటలో పోతుందని మావారి భయం. అందుకని ఎవరైనా వస్తే మామగారు చేతులు కట్టుకుని మాట్లాడేవారు. అంత చెయ్యి తిరిగిన మనిషి సొంత ఇంట్లో చేతులు దాచుకుని కూర్చోవడం చూడలేక నేను కాఫీ వంకన లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

అలాంటి రోజుల్లో శ్రీనివాస్ అనే పేరుగల ఇంకో నిర్మాత మా ఇంటికి వచ్చారు. పుట్టి పెరిగింది హైదరాబాదులోనే, పాతబస్తీలో తాతల నాటి బట్టల వ్యాపారం, సినిమా తియ్యడం అదే మొదలు. ఎంతో పద్ధతిగా పళ్ళూ పూలూ పళ్ళెంలో పెట్టుకుని వచ్చి, మామగారి కాళ్ళకి నమస్కరించి కూర్చుని, "దాస్ సాబ్, నాకు గీ సినిమా ముచ్చట్లు ఎక్కువ తెల్వయి. మా నాయన దుకాణం తెరిచిన నాడు బోర్డు మీద మొదటి గీత దేవుని ముంగట, అందరు సూస్తుండంగ ఏపిచ్చిండు. గప్పటి సంది మాకు మంచిగనే నడిచింది. నా సినిమాకు గూడ గట్లనే కావాలె. పూజ నాడు మీరొచ్చి మీ చేతితోని నా పేరు రాయాలె" అన్నారు.

మామగారు కట్టుకున్న చేతులు విప్పలేదు. అలాగే, వస్తాను అన్నారు.

నిర్మాత గారు వెళ్ళిపోయాక మావారు, ఆ వేళకి జ్వరమని కబురు పంపుదాం, నా భార్య వెళ్ళి మీ బదులు రాసి వస్తుంది అన్నారు. దేవుడి ముందు మొదటి గీత వెయ్యమని పిలిచినవాడికి అబద్ధంతో మొదలుపెట్టనా అని మామగారు ఒక్కమాటలో తోసిపుచ్చారు. పోనీ మానేద్దామంటే, మాటిచ్చాను అన్నారు. మరి ఏం చేస్తారని అత్తగారు అడిగితే, ఆ పూట చూద్దాంలే అని గుడికి వెళ్ళిపోయారు. మావారు, శుభమా అని మొదలుపెడుతూ పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళినట్టు ఉంది ఈ వ్యవహారం అని గొణుక్కున్నారు. నాకు మాత్రం ఆ మధ్య రోజులన్నీ ఒకటే దిగులు. నలుగురి మధ్య ఆయన చెయ్యి వణికి ఆ గీత వంకర పోతే, నిర్మాత మొహం వాడిపోతే, ఇన్నేళ్ళ పేరు ఆ వంకరలో పడి కొట్టుకుపోతే, ఈయన మళ్ళీ తలెత్తుకుని ఫిల్మ్ నగర్ వీధిలో నడవగలరా అని.

పూజ జూబ్లీహిల్స్‌లో నిర్మాత గారి ఆఫీసులో, పొద్దుటి ముహూర్తానికి. మామగారు తెల్లటి లాల్చీ వేసుకుని, పాత బ్రష్షు ఒకటి జేబురుమాల్లో చుట్టుకుని, నన్ను రమ్మన్నారు. ఎందుకని అడగలేదు, ఆయనకి తోడుగా వెళ్ళడం నాకు అలవాటే. హాలు నిండా జనం. దేవుడి పటాల ముందు తెల్లరంగు వేసిన బోర్డు నిలబెట్టి ఉంది, పక్కనే చిన్న గిన్నెలో కుంకుమరంగు పెయింటు. పోస్టర్లు వేయించే కంపెనీలవాళ్ళు చాలామందే ఉన్నారు, అంటే మా మామగారికి పనిచ్చేవాళ్ళు, ఎవరికి తెలియకూడదని మేం ఇన్నాళ్ళూ జాగ్రత్తపడ్డామో వాళ్ళందరూ అన్నమాట. పంతులు గారు మంత్రం ముగించి ఇక కానివ్వండి అన్నారు. మామగారు బోర్డు ముందుకి వెళ్ళి, జేబురుమాలు విప్పి, బ్రష్షు రంగులో ముంచి పైకెత్తారు.

బ్రష్షు కొస వణుకుతోంది. ఒక ఎర్రటి చుక్క నేల మీద పడింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను కళ్ళు మూసుకోబోయాను.

ఆయన బ్రష్షు దించలేదు, చెయ్యి దాచుకోలేదు. ఆ వణికే చెయ్యిని అందరికీ కనపడేలా అలాగే ఎత్తి ఉంచి వెనక్కి తిరిగి, నిదానంగా, తరగతిలో పాఠం చెప్పినట్టు చెప్పారు. "నిర్మాత గారూ, కొన్నేళ్ళుగా మీరందరూ దాస్ రాత అంటున్నది మా కోడలి రాతండీ. పేరు నాది, చెయ్యి అమ్మాయిది. ఇవాళ ఏది ఎవరిదో బోర్డు మీద రాయడానికే కదా వచ్చాం, అందుకని ముందు మా ఇంట్లో ఏది ఎవరిదో చెప్పుకోవాలనిపించింది."

నిర్మాత గారు కింద పడిన ఎర్రచుక్కనీ, మామగారి చెయ్యినీ, నన్నూ మార్చి మార్చి చూశారు. శకునం పాడైందనుకుంటే ఆయన్ని తప్పుపట్టేవాళ్ళు ఆ హాల్లో ఎవరూ లేరు. ఆఖరికి ఆయన ముందుకు వచ్చి, "మీ చెయ్యైతేంది, మీ ఇంటి చెయ్యైతేంది దాస్ సాబ్. రా బిడ్డా, జర నిమ్మళంగ రాయి" అన్నారు.

మామగారి చేతిలోంచి బ్రష్షు అందుకున్నాను. అంతమంది చూస్తుండగా రాయడం నాకు అదే మొదలు. విచిత్రం, నా చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. ముందు తెలుగులో శ్రీనివాస్ గారి అని రాశాను, గారి అన్న మాటకి మామగారు ఎంత చోటు ఇమ్మనేవారో అంతా ఇచ్చాను. దాని కింద ఇంగ్లీషులో పేరు మొదలుపెట్టి, చివరి ఎస్ రాసి, కొంచెం చోటు వదిలి, రెండో ఎస్ కూడా రాశాను. పై పొట్ట చిన్నది, కింది పొట్ట పెద్దది, రెండూ కుదిరాయి. ఇక మిగిలింది కామా ఒక్కటే. అది ఎప్పుడూ నాదే. కాని ఆ పూట నాకు వెయ్యబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి బ్రష్షు ఆయనకి అందించి, "కామా మీది మామయ్య గారూ" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. పెళ్ళయిన కొత్తలో నాకు ఎలా చెప్పారో అలాగే తల నిండుగా దించి, తోక వదిలేశారు. తల కుదిరింది, తోక దారిలో రెండు వంకరలు పోయి ఆగింది. సరిచేద్దామని నేను చెయ్యి చాపేలోగా నిర్మాత గారు అడ్డుపడి, "ఉండనియ్యి బిడ్డా, గట్లనే ఉండనియ్యి. పెద్దాయన చెయ్యి గది" అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, తరవాత అందరూ కొట్టారు. మామగారు చేతులు కట్టుకోవడం మరిచిపోయి, రెండు చేతులూ పక్కన వదిలేసి, అలా వణుకుతూనే నిలబడి నవ్వుతున్నారు.

ఆ బోర్డునే ఫొటో తీయించి ఆ సినిమా పోస్టర్లన్నిటి మీదా పై వరసగా వాడారు. సినిమా అద్భుతంగా ఆడిందని చెప్పను, ఓ మోస్తరుగా ఆడింది, నిర్మాత గారు మరో రెండు తీశారు. ఆ రెండు వంకరల కామా మాత్రం బంజారా హిల్స్ నుంచి టోలిచౌకి దాకా గోడలన్నిటి మీదా కనిపించింది. మావారు భయపడినట్టు కొన్ని కంపెనీలు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. కాని దాస్ గారి కోడలు ఎక్కడుంటారండీ అని అడుగుతూ కొత్తవాళ్ళు వచ్చారు. ఆ రోజునుంచీ మామగారు సంతకం పెట్టనంటే పెట్టనన్నారు. దాస్ అనే రాస్తానని నేను బతిమాలితే, తల్లీతండ్రీ నీకు పేరు పెట్టలేదా అని కేకలేశారు. పోస్టరు కింది మూల నా పేరు నేను రాసుకున్నాను. నా పేరు చివర ఎస్ లేదు, కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ కాఫీ నిండు గ్లాసుతోనే తాగారు. ఒలికితే ఒలికింది, చొక్కా ఉతుక్కుందాం అనేవారు. సాయంత్రాలు ఫిల్మ్ నగర్ వీధిలో నా పక్కన నడుస్తూ, ఎదురైన ప్రతివాడికీ, మా కోడలండీ, పెద్ద ఆర్టిస్టు అని వణికే చేత్తో నన్ను చూపించేవారు. నాకు సిగ్గుగా ఉండేది, ఇంకొకళ్ళు ఎదురైతే బాగుండుననీ ఉండేది.

ఇప్పుడు పోస్టరు రాసేది కంప్యూటరు, దాన్ని నేనేం తప్పుపట్టను, అది నాకన్నా తిన్నగా రాస్తుంది. వారి, గారి అన్న మాటలు పోస్టర్ల మీదినుంచి ఎప్పుడో దిగిపోయాయి, అంతా ఇంగ్లీషే. నిన్న చూసిన ఆ తలకిందుల కామా వేసినవాణ్ణి నాలుగు మాటలని, ఆ వెంటనే చెయ్యి పట్టుకుని నేర్పించాలని ఉంది నాకు. కాని ఎవరిని అనను? మీట నొక్కితే దానంతట అది పడింది, దాని వెనక మనిషి చెయ్యి లేదు. నా కుడిచేతికి కూడా ఈ మధ్య పొద్దుటిపూట కాస్త వణుకు వస్తోంది. వాలుబల్ల ఇంకా ఉత్తరపు కిటికీ కిందే ఉంది గాని, బ్రష్షు అందుకోవడానికి వెనక ఎవరూ నిలబడి లేరు.

నిన్న ఆ హోర్డింగు కింద మా ఆడపడుచు, ఎండెక్కుతోంది పద వదినా అని నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక వణుకు తెలిసినట్టుంది, పట్టు బిగించింది. ఇద్దరం దిగువకి నడుస్తుంటే ఎవరో నడివయసు మనిషి బండి ఆపి, చేతులు జోడించి, మీరు దాస్ గారి కోడలు కదండీ అన్నారు. అవునండీ అన్నాను. ఆడపడుచు చేతిలోంచి నా చెయ్యి విడిపించుకుని, వణుకుతున్నది వణుకుతున్నట్టుగానే రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను.